నా గుమ్మానికి ఎదురుగా కట్టిన తడిక

నాకు అసూయ పుట్టుకతోనే వచ్చింది. దాన్ని దాచుకునే తెలివి మాత్రం రాలేదు. చిన్నప్పుడు పక్కింటి పిల్ల జడకుప్పెలు చూసి రెండు పూటలు అన్నం మానేశానని మా అమ్మ పదిమందిలో చెప్పి నవ్వేది. కానీ ఇప్పుడు రాస్తున్నది జడకుప్పెల గురించి కాదు, నగల గురించీ కాదు. ఒక పాయఖానా గురించి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. గిర్మిట్ లైన్లలో ఐదేళ్ళు గడిపిన ఆడది మాత్రం నవ్వదు.

గిర్మిట్ అంటే మేం వేలిముద్ర వేసిన ఐదేళ్ళ పని కాగితం. నాకు సంతకం వచ్చు, మా నాన్న ఇసకలో అక్షరాలు దిద్దించాడు, అయినా నా చేతా వేలిముద్రే వేయించారు. విశాఖపట్నం జిల్లా నుంచి మద్రాసుకి, మద్రాసు నుంచి ఓడలో ఫిజీకి, అక్కణ్ణించి లబాసా చెరుకు తోటలకి వచ్చాం. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు తోబుట్టువుల కింద లెక్క. ఆ లెక్కన ఆమె నాకు అప్ప అయింది. మా వైపు అక్కని అప్ప అంటాం.

ఓడలో ఆడవాళ్ళ పాయఖానా అంటే ఓ మూల రెండు పలకలు, వాటి సందులోంచి కిందకి చూస్తే సముద్రం. అడ్డానికి కట్టిన గుడ్డ గాలికి ఎగిరిపోతూ ఉండేది. అవతల ఖలాసీలు తాళ్ళు లాగుతూ ఉండేవాళ్ళు. నేను సిగ్గుతో మూడు రోజులు తిండీ నీళ్ళూ మానేసి పడుకున్నాను. నాలుగో రోజు ఎక్కణ్ణించో ఒకామె వచ్చి నా రెక్క పట్టుకుని లేపింది.

"ఓలమ్మీ, ఇలాగుంటే సచ్చిపోతావు. సముద్రంలో గిరాటేసీగల్రు. రా నాతోటి."

తన రెండో చీర విప్పి, రెండు చేతులా ఎత్తి పట్టుకుని, నాకు వీపు తిప్పి నిలబడింది. ఓడ ఊగుతోంది, చీర ఎగురుతోంది, ఆమె మోచేతులు మాత్రం దిగలేదు. ఆ తర్వాత ప్రయాణం అంతా ఆమెకి నేను, నాకు ఆమె చీర పట్టుకున్నాం. పరాయి మనిషి నా కోసం అలా నిలబడటం నా జన్మలో అదే మొదలు.

అలాంటి మనిషి మీద నేను అసూయ పడ్డాను. అదీ సంగతి.

లైన్లంటే పొడుగాటి పలకల కొట్టాలు, పైన రేకులు. గదికీ గదికీ మధ్య గోడ పైకప్పు దాకా వెళ్ళదు. ఎవరు దగ్గినా, ఎవరు పోట్లాడినా అందరికీ వినపడేది. నా గది ఒక లైనులో, అప్ప గది ఎదుటి లైనులో. ఇద్దరి వెనక గుమ్మాలూ ఒకే పెరట్లోకి తెరుచుకునేవి. పెరడు చివర తోటవాళ్ళు కట్టించిన పాయఖానా ఉండేది. పొడుగాటి గోతి మీద పలకలు పరిచారు. ఆడవాళ్ళకి ఒక పక్క, మగవాళ్ళకి ఒక పక్క. మధ్య రేకుకి మేకుల బొక్కలు. ఆడవాళ్ళ పక్కన ఒకళ్ళకీ ఒకళ్ళకీ మధ్య అడ్డమే లేదు. తలుపు మాట అడగొద్దు.

అందుకని మేమంతా తెల్లవారకముందే చెంబులు పట్టుకుని చెరుకులోకి పోయేవాళ్ళం. చెంబు లేనివాళ్ళు బిస్కెట్ డబ్బా పట్టుకునేవాళ్ళు. చెరుకులో అయితే కనీసం ఆకు అడ్డం. కానీ అది తప్పు. దొరల నియమం ప్రకారం గోతి మీదికే వెళ్ళాలి. చెరుకులో పట్టుబడితే ఆ రోజు పని రెట్టింపు. పట్టుకోవడానికి సర్దారు, అంటే మా మీద మేస్త్రీ, చేతిలో కర్రతో మడి గట్ల మీద తిరిగేవాడు.

ఎవరి పద్ధతి వాళ్ళదే. మా పక్క గది హిందుస్తానీ ఆమె చేతులు మట్టితో ఏడుసార్లు రుద్దేది. నేను మూడుసార్లు రుద్దితే, మద్రాజీలకి శుభ్రం తెలీదని వినపడేలా గొణిగేది. నేనూ ఎనిమిదిసార్లు రుద్దడం మొదలుపెట్టాను. ఆమెకంటే నేను తక్కువ తిన్నానా? ఈ దీవి సొంతమనుషులు, కాయివీతీలు, ఏటి మొగలోకి పోయి ఆటుపోటుకి వదిలేసి వచ్చేవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు మా చెంబులు చూసి పకపకా నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వితే నాకు కోపం రాలేదు. వాళ్ళకి ఎవడి కర్రా లేదు, ఎప్పుడు పోవాలనిపిస్తే అప్పుడు పోతారు. దానికి మాత్రం ఒళ్ళు మండింది.

దొర బంగళా పద్ధతి చూసిందాకా నాకు అసలు మంట తెలీలేదు. తోట దొరని మేం కులంబర్ అనేవాళ్ళం. వాళ్ళ పనిమనిషికి జ్వరం వచ్చి ఒక రోజు నన్ను ఊడవడానికి పంపారు. పడకగది వెనక చిన్న గది. అందులో మూత ఉన్న కుర్చీ. మూత ఎత్తితే పువ్వుల పింగాణీ కుండ. ఇంట్లోనే! పడుకునే చోటికి పది అడుగుల్లో! ఓరి నాయనో అనుకున్నాను. నీళ్ళ కోసం చూశాను, నీళ్ళు లేవు. గోడకి మేకు, మేకుకి గుచ్చి ముక్కలు ముక్కలుగా కోసిన కాగితాలు. అక్షరాలున్న కాగితాలు. అవి ఎందుకో అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనుషులం మేము. సరస్వతితో తుడుచుకుంటారా వీళ్ళు! ఒక ముక్క కింద పడి ఉంటే తీసి కళ్ళకద్దుకున్నాను. వెంటనే, ఇది వాడిందేమోనని అనుమానం వచ్చి, మొహం మూడుసార్లు కడుక్కున్నాను.

ఇంత ఛీ అనుకున్నదాన్ని, వచ్చేటప్పుడు ఆ గది తలుపు దగ్గర ఆగిపోయాను. తలుపుకి లోపల ఇత్తడి గొళ్ళెం ఉంది. వేసి చూశాను. తీశాను. మళ్ళీ వేశాను. నేను లోపల, లోకం బయట. సర్దారు లేడు, కర్ర లేదు, మేకుల బొక్కల్లో కళ్ళు లేవు. కుండ వాళ్ళకే ఉండనీ, కాగితాలు వాళ్ళకే ఉండనీ, ఆ గొళ్ళెం మాత్రం నాకు కావాలనిపించింది. అంత కావాలనిపించింది మరేదీ లేదు, మొగుడితో సహా.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. చిన్న గొయ్యి, చుట్టూ తడిక, అంతే చాలన్నాను.

"ఏటే, రాజుగోరి కూతురివేటి? ఊరందరికీ నేని రోగం నీకెందుకు?" అని అటు తిరిగి పడుకున్నాడు.

రెండు వారాలు తిరక్కుండా తడిక లేచింది. నాకు కాదు, అప్పకి.

అప్ప మొగుణ్ణి నేను బావా అని పిలిచేదాన్ని. మిల్లుకి చెరుకు బండి తోలేవాడు. ఏటి అవతల కాయివీతీ ముసలాయన ఒకడితో సావాసం చేసి, రెల్లు అడిగి తెచ్చి, అల్లిక నేర్చుకుని, రెండు ఆదివారాలు ఒంటిచేత్తో కట్టాడు. నడుం లోతు గొయ్యి, కాళ్ళు పెట్టుకోవడానికి రెండు రాళ్ళు, నిలువెత్తు తడిక, వాకిలికి ఒక గోనె పరదా. అది కూడా తన గుమ్మం వైపు కాదు. నా గుమ్మానికి ఎదురుగా వాకిలి పెట్టాడు. తన వైపు పెట్టుకుంటే అప్పకి నాలుగు అడుగులు. ఇలా పెట్టినందువల్ల చుట్టూ తిరిగి, నా కళ్ళ ముందు నుంచి, చెంబు పట్టుకుని, పరదా ఎత్తి లోపలికి పోతుంది. రోజూ. నేను పొయ్యి ఊదుకుంటూ చూడాలి.

నన్ను ఏడిపించడానికే అలా పెట్టించుకుందని నాకు ఏ అనుమానమూ లేదు. ఆ పరదా కదిలినప్పుడల్లా పొయ్యి ఇంకా గట్టిగా ఊదేదాన్ని. మొగుడంటే వాడూ, మా వాడూ ఒక మొగుడేనా అనుకునేదాన్ని. మా ఆయనకి ఆ వారమంతా చప్పిడి పప్పే పెట్టాను.

మూడో రోజో నాలుగో రోజో అప్ప వచ్చి మా గుమ్మంలో నిలబడింది.

"సెల్లీ, సూసినావా? ఇకనించి నువ్వు సెరుకులోకి ఎల్లక్కర్నేదు. ఇందులోకే వచ్చీ."

"నాకేటి కర్మ అప్పా? మీ ఆయన నీకు కట్టినాడు. నువ్వు కూకో, మారాణీలాగ."

"అదేటే అలాగంటావు?"

"మరెలాగనాల? నాకు సెరుకు అలవాటైపోనాది."

అప్ప వెళ్ళిపోయింది. మర్నాడూ అడిగింది. అప్పుడూ వద్దన్నాను. పెట్టే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద. నాకు ఆ కింద చెయ్యి ఇష్టం లేదు. నాకు కావలసింది ఆమె తడికలో చోటు కాదు, నా తడిక. అది దొరకనప్పుడు, నిజం రాస్తున్నాను, ఆమెకీ ఉండకూడదు.

మా ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. ఆమెకి తోడు అక్కర్లేదు కనుక, నేను ఒక్కదాన్నే చెరుకులోకి పోతున్నాను. ఆ రోజు ఆలస్యమైంది, బాగా తెల్లారిపోయింది. చెరుకులోంచి బయటికి వచ్చి పెరటి అంచున అడుగు పెట్టానో లేదో, సర్దారు ఎదురుగా నిలబడి ఉన్నాడు. నా చేతిలో ఖాళీ చెంబు. ఇంకేం అబద్ధం ఆడతాను?

"కాహే ఖేత్ మే జాతా? పాయఖానా నహీ హై?" అన్నాడు. చేలోకి ఎందుకు వెళ్ళావు, పాయఖానా లేదా అని. కర్రతో నా చెంబు మీద టంగుమని కొట్టాడు. రెట్టింపు పని అన్నాడు. అందరూ గోతి మీదికి పోతుంటే నీకొక్కదానికేనా ఇంత సిగ్గు అన్నాడు.

నాకొక్కదానికేనా!

నేను ఒక్క మాట కూడా అనలేదు. దేవుడి మీద ఒట్టు, నోరు విప్పలేదు. గడ్డం మాత్రం ఇంత ఎత్తాను, తడిక వైపు. సర్దారు అటు తిరిగి చూశాడు. అంతకుముందు వాడు ఆ పెరట్లోకి పెద్దగా వచ్చేవాడు కాదు, చూసినా కోళ్ళగూడు అనుకుని ఉంటాడు. ఇప్పుడు పరదా చూశాడు, దాని ముందు నీళ్ళ తడి చూశాడు, తలూపి వెళ్ళిపోయాడు. నన్ను ఆ రోజుకి వదిలేశాడు కూడా.

ఆ సాయంత్రమే కులంబర్ గుర్రమెక్కి వచ్చాడు. ఇలా ఎక్కడపడితే అక్కడ గోతులు తవ్వితే రోగాలొస్తాయని అరిచాడు. తడికని బావ చేతనే పీకించాడు. గొయ్యి బావ చేతనే పూడ్పించాడు. రెల్లు కుప్పపోసి నిప్పు పెట్టించాడు. అప్ప తన గుమ్మంలో కూర్చుని చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. గోనె పరదా మాత్రం మంటలో పడకముందే లాక్కుని మడత పెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

నేను ఆ పూట కడుపునిండా తిన్నాను. అబద్ధమెందుకు, ఎన్నో రోజుల తర్వాత అన్నం రుచిగా తగిలింది. మా ఆయనకి చింతపండు చారు కాచి పెట్టాను. "ఏటే ఇవాళ ఇంత ఇది?" అన్నాడు.

మర్నాటి నుంచి అప్పా చెరుకులోకే. మళ్ళీ నాతో కలిసే. ఏం జరగనట్టే చెంబు పట్టుకుని వచ్చింది. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో ఒక్కసారి కూడా అనలేదు. ఆమెకి తెలీదు, ఇంక తెలియదు అనుకున్నాను. నా గుండె కుదుటపడింది.

నెల తిరక్కముందే లైన్లలో నెత్తురు విరేచనాలు వచ్చాయి. ఆసుపత్రి నిండిపోయి వరండాలో చాపలు పరిచారు. ఆ చాపలు కూడా నిండాక మిగిలినవాళ్ళం గదుల్లోనే ఉండిపోయాం. నాకు పట్టుకుంది. చెరుకు దాకా నడిచే ఓపిక లేదు. పట్టపగలు, పదిసార్లు, పదిహేనుసార్లు, ఆ గోతి మీది పలకలే గతి. మేకుల బొక్కల అవతల మగవాళ్ళు. మా ఆయన పనికి పోయేవాడు. ఉన్నా ఆడవాళ్ళ పక్కకి రాకూడదు.

అప్ప వచ్చింది. కలుపు పనిలోంచి తను కూడా జబ్బుపడ్డానని చెప్పి వచ్చేసింది. నన్ను భుజాన వేసుకుని తీసుకెళ్ళి, ఓడలోలాగే, చీర ఎత్తి వీపు తిప్పి నిలబడింది. రేకు బొక్కలకి ఆ గోనె పరదా కట్టింది. పదకొండు రోజులు. చెంబుతో నీళ్ళు పోసింది, నా చీరలు ఉతికింది. ఒక రోజు, ఉండబట్టలేకనేమో, అటు తిరిగే అంది.

"ఆ తడికుంటే నీకింత బాధ లేకపోను. నీ గుమ్మంలోంచి పది అడుగులు. అందుకే గదా వాకిలి నీ వైపు ఎట్టమని మీ బావతో దెబ్బలాడినాను. సిగ్గుమనిషివి, మగోళ్ళ ముందునించి నడవనేవు అని."

నేను చెంబు ముందుకు తోసి, నీళ్ళు పొయ్యమన్నాను.

బతికాను. గిర్మిట్ అయిపోయింది. ఎవరి కౌలు భూమి వాళ్ళు చూసుకున్నాం. మేం ఏటికి ఇటు, వాళ్ళు కొండకి అటు. మా ఆయనకి ఇరవై ఏళ్ళు ఆలస్యంగా బుద్ధొచ్చి రేకుల పాయఖానా కట్టాడు, లోపల ఇనప గొళ్ళెంతో. మొదటి రోజు ఊరికే లోపల కూర్చుని గొళ్ళెం వేసీ తీసీ చూసుకున్నాను. పండగ రోజుల్లో కలిసినప్పుడు అప్పకి గొప్పగా చెప్పాను. తమది సిమెంటు చేయించారని అంది. ఇంటికొచ్చి రెండు రోజులు మా ఆయనతో మాట్లాడలేదు.

ఇన్నేళ్ళలోనూ నన్ను నేను ఓదార్చుకున్నది ఒక్క మాటతోనే. నేను నోరు విప్పలేదు, గడ్డమే కదా ఎత్తింది. గడ్డానికి పాపమేమిటి?

మొన్న వేసవిలో అప్పకి నడుం పడిపోయిందని కబురొచ్చింది. బావ పోయి చాలా కాలమైంది. కోడలు చూసుకుంటోంది. చూడ్డానికి వెళ్ళాను. కోడలు బజారుకి పోయాక మంచం పక్కన కూర్చున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని భయం వేసింది.

"అప్పా, ఆ తడిక సంగతి. సర్దారుకి..."

"నువ్వే సూపించినావు. తెలుసు."

"ఎవులు సెప్పినారు?"

"ఎవులు సెప్పాల? నాను లోపలే ఉన్నాను గదే. గోనె పరదాలోంచి బయటిదంతా కనపడతాది. బయట్నించి లోపలిది కనపడదు. నువ్వెప్పుడూ లోపలికి రానేదు, నీకేటి తెలుస్తాది?" అని ఊపిరి తీసుకుంది. "సెంబు సేతిలో ఎట్టుకుని, ఇలాగ, గడ్డమెత్తినావు."

మంచం మీద పడుకునే, ఆ ముసలి గడ్డం నాలాగే ఎత్తి చూపించింది. అచ్చంగా నేనే.

"తెలిసీ పదకొండు రోజులు సీర పట్టినావా?"

"పట్టినాను. రోజూ వదిలీసి పోదామనే అనుకున్నాను. సేతులు దిగనేదు."

"నన్ను క్షమించీసినావా అప్పా?"

"అలాగని నానెప్పుడన్నాను?" కళ్ళు మూసుకుని అంది. "సీర పట్టడం ఒకటి, అది ఒకటి."

నేను ఏడ్చాను. ఏడుస్తూనే, ఏం చెప్పను, లోపల అదే పాత మంట. ఇన్నేళ్ళు ఇంత మాట కడుపులో పెట్టుకుని ఒక్కనాడైనా బయటపడకుండా బతికింది ఈ మనిషి. నేనైతే ఒక్క పూట దాచలేను. తడిక ఆమెకే, మంచి మొగుడు ఆమెకే, సిమెంటు ఆమెకే, ఈ గుండె కూడా ఆమెకేనా?

"ఏడుపు తరవాత. ముందు నన్ను లేపు, దొడ్డికెల్లాల," అంది.

భుజాన వేసుకుని తీసుకెళ్ళాను. ఎండుటాకంత బరువు లేదు. సిమెంటు నేల, చెక్క తలుపు, ఇత్తడి గొళ్ళెం, అన్నీ ఉన్నాయి. తలుపు వేయబోతే వద్దంది. లోపల పడిపోతే ఎవరూ తియ్యలేరని ఈ మధ్య తలుపు వేసుకోవడం మానేసిందట. కోడలు లేనప్పుడు తలుపు తెరిచే ఉంచుకుని, వీధి వైపు చూస్తూ కూర్చుంటోందట.

దండెం మీది చీర తీశాను. విప్పి, రెండు చేతులా ఎత్తి పట్టుకుని, వీపు తిప్పి నిలబడ్డాను. ఎత్తిన కాసేపటికే నా మోచేతులు లాగడం మొదలుపెట్టాయి. వెనకనుంచి చెంబులో నీళ్ళ చప్పుడు, ఆ వెంటనే అప్ప గొంతు వినపడ్డాయి.

"ఎవులైనా వస్తే సెప్పు. గడ్డంతో కాదు, నోటితో సెప్పు."